లాక్టోజు అసహనం: జన్యు మూలాలు, పెద్దప్రేగు క్యాన్సర్‌తో సంబంధం

తెలుగువారి భోజనం పెరుగన్నంతోనో, మజ్జిగతోనో ముగుస్తుంది. పెరుగు వడ్డించని విస్తరిని అసంపూర్ణంగా భావించే ఇళ్లలోనే 'నాకు పాలు పడవు' అనే మాట కూడా తరచుగా వినిపిస్తుంది. గ్లాసెడు పాలు తాగిన అరగంట నుండి రెండు గంటల లోపు కడుపు ఉబ్బరించడం, గడబిడగా ఉండటం, మెలిపెట్టినట్లు నొప్పి రావడం, కొందరిలో నీళ్ల విరేచనాలు కావడం ఈ స్థితికి ముఖ్య లక్షణాలు. దీనినే లాక్టోజు అసహనం అంటారు. వయోజనులలో దీనికి ప్రధాన కారణం వంశపారంపర్యంగా సంక్రమించే ఒక జన్యు లక్షణం.

ఈ జన్యు లక్షణం ఉన్నవారికి పెద్దప్రేగు, పురీషనాళ క్యాన్సర్ వచ్చే అవకాశం కొంత ఎక్కువా అన్న ప్రశ్న రెండు దశాబ్దాలుగా పరిశోధకుల దృష్టిలో ఉంది. జన్యు పరీక్షలు సామాన్యులకు కూడా అందుబాటులోకి వస్తున్న ఈ రోజులలో, నివేదికలోని రెండు అక్షరాలను చూసి భయపడేవారూ, పాలతోపాటు పెరుగు, మజ్జిగలను కూడా పూర్తిగా మానివేసేవారూ ఉన్నారు. అందువల్ల ఈ సంబంధం గురించి పరిశోధనలు నిజంగా ఏమి చెబుతున్నాయో, వాటిని ఎంతవరకు స్వీకరించాలో తెలుసుకోవడం అవసరం.

లాక్టోజు, లాక్టేజ్ ఎంజైము

పాలలో ఉండే చక్కెరను లాక్టోజు అంటారు. ఒక గ్లూకోజు అణువు, ఒక గెలాక్టోజు అణువు కలిసి లాక్టోజుగా ఏర్పడతాయి. తల్లిపాలలో ఇది సుమారు 7 శాతం, ఆవుపాలలో 4.5 నుండి 4.8 శాతం, గేదెపాలలో సుమారు 5 శాతం ఉంటుంది. మేకపాలలో కూడా ఇది ఆవుపాలకు దరిదాపు పరిమాణంలోనే ఉంటుంది. అంటే 200 మిల్లీలీటర్ల గ్లాసెడు పాలతో 9 నుండి 10 గ్రాముల లాక్టోజు శరీరంలోకి చేరుతుంది.

లాక్టోజు ఉన్నది ఉన్నట్లుగా రక్తంలోకి చేరలేదు. చిన్నప్రేగు లోపలి పొరపై ఉండే సూక్ష్మచూషకాల అంచులలోని లాక్టేజ్ అనే ఎంజైము దానిని గ్లూకోజుగా, గెలాక్టోజుగా విడగొట్టాలి. ఈ ఎంజైము చాలినంత లేనప్పుడు లాక్టోజు జీర్ణం కాకుండానే పెద్దప్రేగును చేరుతుంది. అది తనతోపాటు నీటిని ప్రేగులోకి లాగడం వల్ల విరేచనాలు అవుతాయి. అక్కడి బాక్టీరియా దానిని పులియబెట్టడం వల్ల హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్, కొందరిలో మీథేన్ వాయువులు వెలువడి కడుపు ఉబ్బరిస్తుంది. ఇదే ప్రక్రియలో ఎసిటేట్, ప్రొపియొనేట్, బ్యూటిరేట్ వంటి చిన్న గొలుసు కొవ్వు ఆమ్లాలు కూడా తయారవుతాయి. క్యాన్సర్ ప్రస్తావనలో ఈ ఆమ్లాలకు ప్రత్యేక ప్రాముఖ్యం ఉంది.

ఈ సందర్భంలో మూడు మాటలను వేరుగా అర్థం చేసుకోవాలి. వయసుతో ఎంజైము ఉత్పత్తి తగ్గడం లాక్టేజ్ క్షీణత. తీసుకున్న లాక్టోజు పూర్తిగా జీర్ణం కాకపోవడం లాక్టోజు అజీర్ణం. అజీర్ణం వల్ల బాధాకరమైన లక్షణాలు కనిపించడం లాక్టోజు అసహనం. ఎంజైము క్షీణించిన వారందరికీ లక్షణాలు కనిపించవు. తీసుకున్న పరిమాణం, దానితోపాటు తిన్న ఆహారం, ప్రేగులోని సూక్ష్మజీవుల స్వభావం లక్షణాల తీవ్రతను నిర్ణయిస్తాయి.

శైశవం తరువాత ఎంజైము ఎందుకు తగ్గుతుంది?

క్షీరదాలన్నింటిలోనూ పాలు మరచిన తరువాత లాక్టేజ్ ఉత్పత్తి తగ్గిపోవడం సహజం. తల్లిపాలు తప్ప మరో పాలు ఎరుగని జంతువులకు పెరిగిన తరువాత ఆ ఎంజైముతో పని లేదు. మనుషులలో కూడా మూలస్థితి ఇదే. అందువల్ల పెద్దవారిలో లాక్టేజ్ తగ్గడాన్ని వ్యాధిగా భావించరాదు. శాస్త్రీయంగా వివరణ కావలసినది, కొందరిలో జీవితాంతం ఎంజైము ఎందుకు కొనసాగుతున్నదన్న విషయానికే.

లాక్టేజ్ తయారీకి ఆధారమైన ఎల్‌సిటి జన్యువు రెండవ క్రోమోజోముపై ఉంటుంది. దాని ఉత్పత్తిని నియంత్రించే మీట వంటి భాగం మాత్రం పక్కనే ఉన్న ఎంసిఎమ్6 అనే మరో జన్యువు లోపల, ఎల్‌సిటి ఆరంభ స్థానానికి 13,910 క్షారాల ఎగువన ఉంది. ఈ స్థానంలో సి అనే క్షారానికి బదులు టి ఉన్నవారిలో లాక్టేజ్ ఉత్పత్తి పెద్ద వయసులోనూ కొనసాగుతుందని ఫిన్లాండ్ శాస్త్రవేత్తల బృందం 2002లో వెల్లడించింది. తల్లి నుండి, తండ్రి నుండి చెరొక ప్రతి సంక్రమిస్తుంది కనుక ప్రతి వ్యక్తిలో సి/సి, సి/టి, టి/టి అనే మూడింటిలో ఒక జన్యురూపం ఉంటుంది. టి బహిర్గత లక్షణం. ఒక్క టి ఉన్నా పాలు జీర్ణం చేసుకోవడానికి సరిపడే ఎంజైము తయారవుతుంది. సి/సి జన్యురూపం ఉన్నవారిలో, అదే పని చేసే వేరే జన్యు మార్పు లేనట్లయితే, బాల్యం నుండి కౌమారం ముగిసేలోపు ఎంజైము క్రమంగా క్షీణిస్తుంది.

తూర్పు ఆఫ్రికా పశుపాలక జాతులలోనూ, అరేబియా ద్వీపకల్పంలోనూ ఇదే ఫలితాన్నిచ్చే వేరే జన్యు మార్పులు ఉన్నట్లు తరువాతి పరిశోధనలలో తేలింది. ఒకే అవసరానికి వేర్వేరు ప్రాంతాలలో వేర్వేరు మార్పులు పుట్టి స్థిరపడటం, పశుపోషణ మానవ జన్యువులపై చూపిన ప్రభావానికి ప్రబలమైన నిదర్శనం.

భారతదేశంలో పరిస్థితి

ప్రపంచ వయోజనులలో దాదాపు మూడింట రెండు వంతుల మందిలో లాక్టేజ్ క్షీణత ఉంటుంది. ఉత్తర ఐరోపాలో ఇది తక్కువ, తూర్పు ఆసియాలో అత్యధికం. భారతదేశం ఈ రెండింటికీ మధ్యస్థంగా ఉంటుంది. 1981లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో 200 మంది ఆరోగ్యవంతులను పరీక్షించగా, న్యూఢిల్లీలో 27.4 శాతం మందికి, దక్షిణాదిన తిరువనంతపురం, పాండిచ్చేరి కేంద్రాలలో 66.6 శాతం మందికి లాక్టోజు అసహనం ఉన్నట్లు తేలింది.

ఈ తేడాకు జన్యుపరమైన ఆధారం 2012లో వెలువడిన విస్తృత పరిశోధనలో లభించింది. హైదరాబాద్‌లోని సిసిఎంబి శాస్త్రవేత్తలు కూడా పాల్గొన్న ఈ పరిశోధన ప్రకారం, భారతీయులలో కనిపించే టి రూపం, ఐరోపావారిలో కనిపించే టి రూపం ఒకే మూలం నుండి వచ్చినవి. వాయవ్య భారతం నుండి ఆగ్నేయ దిశగా వచ్చే కొద్దీ దీని విస్తృతి తగ్గుతూ పోతుంది. అయితే నీలగిరి కొండలలో గేదెలను పెంచుకొని జీవించే తోడా జాతివారిలో ఇది దక్షిణాదిన ఉన్నప్పటికీ అధికంగా ఉంది. ప్రాంతంతోపాటు పశుపాలక వృత్తి కూడా ఈ లక్షణాన్ని నిర్ణయించిందని దీనినిబట్టి గ్రహించవచ్చు. కనుక దక్షిణాదిలో, తెలుగు రాష్ట్రాలతో సహా, సి/సి జన్యురూపం అరుదైన లోపమేమీ కాదు. అది చాలా సాధారణంగా కనిపించే స్థితి.

లాక్టోజు అసహనంలో రకాలు

1. జన్యుపరమైన వయోజన రకం: సి/సి జన్యురూపం వల్ల ఎంజైము వయసుతో తగ్గడం. అన్నింటికంటె ఎక్కువగా కనిపించేది ఇదే.

2. ద్వితీయ రకం: తీవ్రమైన విరేచనాలు, సీలియాక్ వ్యాధి, క్రోన్స్ వ్యాధి వంటి వాటి వల్ల చిన్నప్రేగు పొర దెబ్బతిని తాత్కాలికంగా ఏర్పడేది. మూలవ్యాధి నయమైతే ఇది కూడా తగ్గుతుంది.

3. పుట్టుకతో వచ్చే రకం: ఎల్‌సిటి జన్యువులోనే లోపం ఉండటం వల్ల పసికందు తల్లిపాలను కూడా జీర్ణించుకోలేదు. ఇది అత్యంత అరుదు.

4. నెలలు నిండక పుట్టిన శిశువులలో ప్రేగు పూర్తిగా ఎదగకపోవడం వల్ల కొద్దికాలం కనిపించేది.

పాలలోని మాంసకృత్తుల వల్ల వచ్చే ఎలర్జీ వీటికి పూర్తిగా భిన్నం. అది వ్యాధినిరోధక వ్యవస్థకు సంబంధించినది. ఎలర్జీ ఉన్నవారికి కొద్దిపాటి పాలు కూడా ప్రమాదకరం కావచ్చు. లాక్టోజు అసహనం ఉన్నవారికి ఆ ప్రమాదం లేదు.

క్యాన్సర్‌తో సంబంధం: పరిశోధనల సారాంశం

పెద్దప్రేగు, పురీషనాళ క్యాన్సర్ ప్రపంచంలో అత్యధికంగా కనిపించే క్యాన్సర్లలో మూడవది, మరణాల సంఖ్యలో రెండవది. 2022 అంచనాల ప్రకారం ఆ సంవత్సరం 19 లక్షలకు పైగా కొత్త రోగులను గుర్తించగా, సుమారు 9 లక్షల మంది మరణించారు.

లాక్టేజ్ జన్యువుకు, ఈ క్యాన్సర్‌కు ఉన్న సంబంధాన్ని నేరుగా పరిశీలించిన ముఖ్య అధ్యయనం 2005లో ఫిన్లాండ్ పరిశోధకుల నుండి వెలువడింది. వారు ఫిన్లాండ్, బ్రిటన్, స్పెయిన్ దేశాలకు చెందిన రోగుల, ఆరోగ్యవంతుల జన్యురూపాలను పోల్చి చూశారు. ఫిన్లాండ్‌వారిలో సి/సి జన్యురూపం ఉన్నవారికి ఈ క్యాన్సర్ ఉండే అవకాశాల నిష్పత్తి 1.40గా తేలింది. 95 శాతం విశ్వసనీయతతో దాని పరిధి 1.07 నుండి 1.85 వరకు ఉంది. బ్రిటన్, స్పెయిన్ దేశీయులలో మాత్రం అటువంటి సంబంధం కనిపించలేదు. 2007లో ఇటలీలో జరిగిన పరిశీలనలో కూడా రోగుల, ఆరోగ్యవంతుల జన్యురూపాల మధ్య చెప్పుకోదగిన తేడా లేదు. ఒక దేశంలో కనిపించిన సంబంధం మరో దేశంలో కనిపించనప్పుడు, జన్యువు కంటె దాని చుట్టూ అల్లుకున్న ఆహారపు అలవాట్లు ముఖ్యమై ఉండవచ్చునన్న అనుమానం సహజంగానే కలుగుతుంది.

తరువాతి పరిశోధనలు మరో మార్గంలో సాగాయి. పాలు ఎక్కువగా తాగేవారికి, తాగనివారికి మధ్య ఆదాయంలో, వ్యాయామంలో, ఇతర ఆహారంలో అనేక తేడాలు ఉంటాయి. కనుక వారిలో క్యాన్సర్ తేడా పాల వల్లనే వచ్చిందని చెప్పడం కష్టం. పొల ప్రయోగాలలో నేల సారంలోని తేడాల ప్రభావాన్ని తొలగించడానికి మళ్లను యాదృచ్ఛికంగా కేటాయిస్తారు. అదే విధంగా సి, టి రూపాలు గర్భధారణ సమయంలోనే చీటీ తీసినట్లుగా సంక్రమిస్తాయి. ఐరోపాలో టి రూపం ఉన్నవారు సగటున కొంత ఎక్కువ పాలు తాగుతారు. కాబట్టి ఈ జన్యువును పాల వినియోగానికి గుర్తుగా తీసుకొని క్యాన్సర్ రేటును పోల్చవచ్చు. ఈ పద్ధతిని మెండీలియన్ రాండమైజేషన్ అంటారు.

ఈ పద్ధతిలో 2020లో వెలువడిన ఒక అధ్యయనం, జన్యుపరంగా అంచనా వేసిన పాల వినియోగం రోజుకు 50 గ్రాములు పెరిగితే పెద్దప్రేగు క్యాన్సర్ అవకాశం సుమారు 5 శాతం తగ్గుతుందని తెలిపింది. 2025లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు 5 లక్షల 40 వేలకు పైగా బ్రిటిష్ మహిళలను సగటున సుమారు 16 సంవత్సరాలకు పైగా పరిశీలించిన ఫలితాలను ప్రచురించారు. 97 ఆహార అంశాలను పరిశీలించగా, రోజుకు అదనంగా 300 మిల్లీగ్రాముల కాల్షియం తీసుకోవడం 17 శాతం తక్కువ ప్రమాదంతోనూ, రోజుకు అదనంగా 20 గ్రాముల ఆల్కహాలు తీసుకోవడం 15 శాతం ఎక్కువ ప్రమాదంతోనూ ముడిపడి ఉన్నాయి. అదే వ్యాసంలో లాక్టేజ్ జన్యువు ఆధారంగా చేసిన విశ్లేషణ కూడా పాల వినియోగం ఎక్కువైనచోట ఈ క్యాన్సర్ తక్కువగా ఉన్నట్లు చూపింది. ప్రపంచ క్యాన్సర్ పరిశోధన నిధి కూడా 2018 నివేదికలో పాల ఉత్పత్తులు ఈ క్యాన్సర్ ప్రమాదాన్ని తగ్గించే అవకాశం బలంగా ఉందని పేర్కొన్నది.

లాక్టోజు అసహనం అన్ని క్యాన్సర్ల విషయంలోనూ ఒకే దిశలో కనిపించదు. లాక్టోజు అసహనం నిర్ధారణ అయిన 22 వేలకు పైగా వ్యక్తులపై స్వీడన్‌లో జరిపిన అధ్యయనం 2015లో ప్రచురితమైంది. వారిలో ఊపిరితిత్తుల, రొమ్ము, అండాశయ క్యాన్సర్లు సాధారణ జనాభాలో కంటె తక్కువగా ఉన్నాయి. వారి రక్తసంబంధీకులలో మాత్రం ఆ తగ్గుదల లేదు. కనుక దానికి వంశపారంపర్యం కంటె ఆహారమే కారణమై ఉండవచ్చునని పరిశోధకులు సూచించారు.

సంబంధానికి కారణాలు ఏమై ఉండవచ్చు?

పాల ఉత్పత్తుల రక్షణ ప్రభావంలో కాల్షియానికి ప్రధాన పాత్ర ఉన్నదని భావిస్తున్నారు. కొవ్వు జీర్ణక్రియకు విడుదలయ్యే పైత్యరస ఆమ్లాలలో కొంత భాగం పెద్దప్రేగును చేరి, అక్కడి బాక్టీరియా చర్య వల్ల ద్వితీయ ఆమ్లాలుగా మారుతుంది. ఇవి ప్రేగు పొరలోని కణాలను దెబ్బతీస్తాయి. దెబ్బతిన్న కణాల స్థానంలో కొత్త కణాలు వేగంగా విభజన చెందవలసి వస్తుంది. విభజన పెరిగిన కొద్దీ జన్యు పొరపాట్లకు అవకాశం పెరుగుతుంది. కాల్షియం ఈ ఆమ్లాలతోనూ, స్వేచ్ఛా కొవ్వు ఆమ్లాలతోనూ కలిసి కరగని లవణాలుగా మారి మలం ద్వారా వెలుపలికి పోతుంది. సి/సి జన్యురూపం గలవారు అసౌకర్యం వల్ల పాలకు దూరమై, దానికి బదులుగా వేరే కాల్షియం వనరులను తీసుకోనప్పుడు ఈ రక్షణ తగ్గవచ్చు. అంటే ఇక్కడ జన్యువు ప్రభావం పరోక్షమైనది. అది ఆహారపు ఎంపిక ద్వారా పనిచేస్తుంది.

దీనికి వ్యతిరేక దిశలో పనిచేసే అంశాలు కూడా ఉన్నాయి. జీర్ణం కాని లాక్టోజు పెద్దప్రేగులో మేలు చేసే బైఫిడోబాక్టీరియాకు ఆహారమవుతుంది. సి/సి జన్యురూపం ఉండి పాల పదార్థాలు తీసుకునేవారి ప్రేగులలో ఈ బాక్టీరియా అధికంగా ఉన్నట్లు పలు పరిశోధనలలో గమనించారు. పులియడం వల్ల తయారయ్యే బ్యూటిరేట్ ప్రేగు కణాలకు శక్తినిస్తుంది. ఆ విధంగా చూస్తే, తట్టుకోగలిగినంత పరిమాణంలో పాల ఉత్పత్తులను తీసుకునే సి/సి వ్యక్తికి కాల్షియంతోపాటు ఈ అదనపు ప్రయోజనం కూడా కలగవచ్చు.

ఫలితాలను అన్వయించుకోవడంలో జాగ్రత్తలు

లాక్టేజ్ క్షీణతే నేరుగా క్యాన్సర్‌కు కారణమైతే, అది అత్యధికంగా ఉన్న ఆసియా, ఆఫ్రికా దేశాలలో పెద్దప్రేగు క్యాన్సర్ కూడా అధికంగా ఉండాలి. వాస్తవంలో చాలావరకు దీనికి విరుద్ధంగా ఉంది. పాలు బాగా జీర్ణమయ్యే ఉత్తర ఐరోపా ప్రజలలో ఈ క్యాన్సర్ రేటు భారతదేశంలో కంటె ఎన్నో రెట్లు ఎక్కువ. మాంసాహారం, మద్యం, స్థూలకాయం, శారీరక శ్రమ లేకపోవడం, పీచు పదార్థం తక్కువగా ఉండే ఆహారం వంటి అంశాల బరువు ముందు ఈ జన్యువు ప్రభావం స్వల్పమని దీనివల్ల స్పష్టమవుతున్నది. అయితే మన నగరాలలో ఆహారం, జీవన విధానం వేగంగా మారుతున్నందువల్ల తక్కువ రేటును శాశ్వత రక్షణగా భావించరాదు.

అవకాశాల నిష్పత్తి 1.40 అంటే ఏమిటో కూడా గమనించాలి. ఉదాహరణకు ఒక జనాభాలో వెయ్యిమందికి 20 మంది జీవితకాలంలో ఒక వ్యాధికి గురవుతారని అనుకుంటే, ఆ స్థాయి పెరుగుదల వల్ల ఆ సంఖ్య సుమారు 28 అవుతుంది. మిగిలిన 972 మందికి ఆ వ్యాధి రాదు. దీనిని లించ్ సిండ్రోమ్ వంటి నిజమైన వంశపారంపర్య క్యాన్సర్ స్థితులతో పోల్చరాదు. అటువంటి స్థితులలో దెబ్బతిన్న జన్యువులు ప్రమాదాన్ని అనేక రెట్లు పెంచుతాయి. వారికి చిన్న వయసు నుండే క్రమం తప్పని కొలనోస్కోపీ అవసరం. సి/సి జన్యురూపం ఉన్నంత మాత్రాన అటువంటి పర్యవేక్షణ అవసరం లేదు.

పైన పేర్కొన్న జన్యు విశ్లేషణలు ప్రధానంగా ఐరోపా సంతతివారిపై జరిగాయి. అక్కడ పాలను ఎక్కువగా పాలుగానే తాగుతారు. దక్షిణ భారతంలో పాల వినియోగంలో పెరుగుకు, మజ్జిగకు పెద్ద స్థానం ఉంది. ఇవి సి/సి వ్యక్తులకు కూడా చాలావరకు సరిపడతాయి. కనుక జన్యురూపాన్నిబట్టి కాల్షియం లభ్యతను అంచనా వేయడం ఇక్కడ అంత సులభం కాదు. ఐరోపా అంకెలను యథాతథంగా తెలుగువారికి అన్వయించరాదు.

నిర్ధారణ పరీక్షలు

శ్వాసలో హైడ్రోజన్ పరీక్ష ప్రస్తుతం ఎక్కువగా వాడుకలో ఉంది. పరగడుపున 25 లేదా 50 గ్రాముల లాక్టోజు ఇచ్చి, నియమిత వ్యవధులలో ఊపిరిని పరీక్షిస్తారు. హైడ్రోజన్ ఆరంభ స్థాయి కంటె పది లక్షలకు 20 భాగాలు పెరిగితే అజీర్ణం ఉన్నట్లు నిర్ధారిస్తారు. రక్తంలో గ్లూకోజు పెరుగుదలను కొలిచే పరీక్ష కూడా ఉంది. జన్యు పరీక్ష ఎంజైము తగ్గే స్వభావం ఉన్నదో లేదో మాత్రమే చెబుతుంది. ప్రస్తుతం కలుగుతున్న బాధకు పాలే కారణమా అన్నది అది చెప్పలేదు. సులభమైన మార్గంగా రెండు వారాలు లాక్టోజు ఉన్న పదార్థాలను ఆపి, లక్షణాలు తగ్గుతాయేమో చూసి, తిరిగి కొద్దికొద్దిగా ప్రారంభించి గమనించవచ్చు.

ఇక్కడ ఒక ముఖ్యమైన హెచ్చరిక అవసరం. పెద్దప్రేగు క్యాన్సర్ తొలి దశలో కలిగే కడుపు ఉబ్బరం, మలవిసర్జనలో మార్పు వంటి లక్షణాలను 'పాలు పడక' వచ్చినవిగా సరిపెట్టుకొని విలువైన కాలాన్ని కోల్పోయే ప్రమాదం ఉంది. జన్యుపరమైన లాక్టోజు అసహనం సాధారణంగా కౌమారంలోనో, యౌవనంలోనో బయటపడుతుంది. దానివల్ల మలంలో రక్తం పడదు, రక్తహీనత రాదు. కింది లక్షణాలు ఉన్నప్పుడు పాలు మానడంతో సరిపెట్టక వెంటనే వైద్యుని సంప్రదించాలి.

• మలంలో రక్తం కనిపించడం లేదా మలం నల్లగా రావడం.
• కారణం తెలియకుండా బరువు తగ్గడం.
• ఐరన్ లోపంతో కూడిన రక్తహీనత, ముఖ్యంగా పురుషులలోనూ, ముట్లుడిగిన స్త్రీలలోనూ.
• 45 సంవత్సరాలు దాటిన తరువాత కొత్తగా మొదలై, కొన్ని వారాలుగా కొనసాగుతున్న మలబద్ధకం లేదా విరేచనాలు.
• నిద్ర నుండి లేపేంత కడుపునొప్పి లేదా విరేచనాలు.
• రక్తసంబంధీకులలో చిన్న వయసులో పెద్దప్రేగు క్యాన్సర్ వచ్చి ఉండటం.

ఆహారంలో పాటించవలసినవి

లాక్టేజ్ క్షీణత ఉన్నవారిలో చాలామంది ఒకసారికి 12 గ్రాముల లాక్టోజును, అంటే సుమారు 250 మిల్లీలీటర్ల పాలను, పెద్దగా ఇబ్బంది లేకుండా తట్టుకోగలరని అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల నిపుణుల సమావేశం 2010లో నిర్ధారించింది. ఖాళీ కడుపుతో కాక ఆహారంతోపాటు తీసుకుంటే సహనం మరింత పెరుగుతుంది. కొద్ది పరిమాణంతో ప్రారంభించి ప్రతిరోజూ తీసుకుంటూ ఉంటే, కొన్ని వారాలలో ప్రేగులోని బాక్టీరియా అలవాటుపడి లక్షణాలు తగ్గుతాయి.

పెరుగు: తోడు వేసిన పాలలో లాక్టిక్ ఆమ్ల బాక్టీరియా లాక్టోజులో కొంత భాగాన్ని ఆమ్లంగా మారుస్తుంది. మిగిలిన దానిని జీర్ణం చేయడానికి ఆ బాక్టీరియాలోని ఎంజైమే చిన్నప్రేగులో తోడ్పడుతుంది. అందువల్ల పాలు పడనివారిలో చాలామందికి పెరుగు పడుతుంది. ఈ ప్రయోజనం సజీవ బాక్టీరియా వల్ల కలిగేది కనుక పెరుగును మరిగించరాదు.

మజ్జిగ: నీటితో పలుచన చేయడం వల్ల గ్లాసుకు లభించే లాక్టోజు మరింత తగ్గుతుంది. అదే నిష్పత్తిలో కాల్షియం కూడా తగ్గుతుందని గుర్తుంచుకోవాలి.

పన్నీరు, నెయ్యి: పాలు విరిచినప్పుడు లాక్టోజులో ఎక్కువ భాగం తేటలోకి పోతుంది కనుక పన్నీరులో అది తక్కువ. నెయ్యిలో లాక్టోజు దాదాపు ఉండదు, అయితే కాల్షియం కూడా ఉండదు.

కోవా, పాలపొడి: నీరు ఇగిరిపోవడం వల్ల కోవాలో లాక్టోజు పాలలో కంటె నాలుగైదు రెట్లు అధికం. వెన్న తీసిన పాలపొడిలో సగం బరువు లాక్టోజే. పాలకోవా, ఐస్‌క్రీమ్ వంటి వాటిని మితంగా తీసుకోవాలి.

దేశవాళీ ఆవుపాలలోనూ, మేకపాలలోనూ లాక్టోజు ఉండదన్న అభిప్రాయం సరైనది కాదు. ఒంగోలు ఆవు పాలైనా, ముర్రా గేదె పాలైనా లాక్టోజు పరిమాణంలో పెద్ద తేడా లేదు. ఎ2 పాలు అన్నది బీటా కేసీన్ అనే మాంసకృత్తి రకానికి సంబంధించిన విషయం. దానికి లాక్టోజుతో సంబంధం లేదు.

భారత వైద్య పరిశోధన మండలి, జాతీయ పోషకాహార సంస్థ 2020లో సవరించిన సిఫారసుల ప్రకారం వయోజనులకు రోజుకు 1000 మిల్లీగ్రాముల కాల్షియం అవసరం. పాలు తగ్గించినవారు దీనిని ఇతర ఆహారం ద్వారా పూరించుకోవాలి. వంద గ్రాముల రాగులలో సుమారు 350, వంద గ్రాముల తోటకూరలో సుమారు 330, పదిహేను గ్రాముల నువ్వులలో సుమారు 190, రెండు వందల గ్రాముల పెరుగులో సుమారు 250 మిల్లీగ్రాముల కాల్షియం లభిస్తుంది. ఇవన్నీ కలిస్తే రోజువారీ లక్ష్యం నెరవేరుతుంది. మునగాకు, ముళ్లతో సహా తినదగిన చిన్న చేపలు కూడా మంచి వనరులు. రాగులలోని ఫైటేట్లు, ఆకుకూరలలోని ఆక్సలేట్లు కాల్షియం శోషణను కొంత తగ్గిస్తాయి. పిండిని పులియబెట్టడం, రాగులను మొలకెత్తించడం వల్ల ఫైటేట్లు తగ్గుతాయి. పులిసిన రాగి అంబలిలో మజ్జిగ కలుపుకొని తాగే అలవాటు ఈ దృష్టితో చూస్తే ఎంతో అనువైనది. అందులో కాల్షియం, పీచు పదార్థం, లాక్టిక్ బాక్టీరియా మూడూ ఒకేచోట లభిస్తాయి. కాల్షియం మాత్రలను వైద్యుని సలహా లేకుండా దీర్ఘకాలం వాడరాదు.

పాడి రంగానికి సూచనలు

లాక్టోజు తొలగించిన పాల తయారీ కష్టమైన ప్రక్రియ కాదు. ఈస్ట్ నుండి తీసిన లాక్టేజ్ ఎంజైమును పాలలో కలిపితే లాక్టోజు ముందుగానే గ్లూకోజుగా, గెలాక్టోజుగా విడిపోతుంది. పాలు కొంచెం తియ్యగా మారతాయి తప్ప కాల్షియం, మాంసకృత్తులు తగ్గవు. ఫిన్లాండ్‌లో ఇటువంటి పాలు రెండు దశాబ్దాలుగా సామాన్య వినియోగంలో ఉన్నాయి. లాక్టేజ్ క్షీణత అధికంగా ఉన్న దక్షిణాదిన పాల సహకార సంఘాలు, డెయిరీలు ఇటువంటి పాలను, సజీవ బాక్టీరియా గల పెరుగును, మజ్జిగను అందుబాటు ధరలో అందించగలిగితే పాలకు దూరమైన వినియోగదారులు తిరిగి దగ్గరవుతారు. దానివల్ల పాడిరైతుకు మార్కెట్, వినియోగదారునికి కాల్షియం లభిస్తాయి.

ముగింపు

సి/సి జన్యురూపం వల్ల పెద్దప్రేగు క్యాన్సర్ ప్రమాదం పెరుగుతుందన్న నిర్ధారణకు ఆధారాలు ఒకే దిశలో లేవు. ఫిన్లాండ్‌లో కనిపించిన స్వల్ప సంబంధం ఇతర దేశాలలో కనిపించలేదు. పాల ఉత్పత్తులు, ముఖ్యంగా వాటిలోని కాల్షియం, ఈ క్యాన్సర్ నుండి కొంత రక్షణ కల్పిస్తాయన్న దానికి మాత్రం ఆధారాలు బలపడుతున్నాయి. కనుక పాలు పడనివారు భయపడవలసిన పని లేదు, అయితే కాల్షియం లోటు ఏర్పడకుండా చూసుకోవాలి. పాలకు బదులు పెరుగు, మజ్జిగ, రాగులు, నువ్వులు, ఆకుకూరలను నిత్యాహారంలో చేర్చుకోవాలి. ముడిధాన్యాలు, పప్పులు, కూరగాయలు ఎక్కువగా తీసుకుంటూ, మద్యానికి, పొగాకుకు, నిల్వచేసిన మాంసానికి దూరంగా ఉండి, శారీరక శ్రమ చేయాలి. మలంలో రక్తం వంటి హెచ్చరికలను పాల మీదికి నెట్టివేయక సకాలంలో పరీక్ష చేయించుకోవాలి. జన్యువును మార్చుకోవడం ఎవరికీ సాధ్యం కాదు. విస్తరిలో ఏమి ఉండాలన్నది మాత్రం ప్రతి కుటుంబం చేతిలోని విషయమే.